పాత సమీకరణాలకు నేను పెట్టిన ఇస్త్రీ

గణితం పుస్తకాలకు కాపీ ఎడిటర్‌గా పనిచేశానని చెబితే చాలు, ఇర్వింగ్‌లో ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా, ఒక సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి నాకు సమానం గుర్తు కథ చెప్పకుండా పెరుగన్నం దాకా వెళ్ళడు. పూర్వం ఒక వైద్యుడు ఇంగ్లీషులో ఆల్జీబ్రా పుస్తకం రాస్తూ ‘సమానం’ అన్న మాట పదే పదే రాయలేక విసిగిపోయాడు. రెండు సమాంతర రేఖలు గీసి, వీటికంటే సమానమైనవి ఇంకేముంటాయి అన్నాడు. లోకం అబ్బురపడి ఆ మర్నాటి నుంచి అదే వాడుకుంది. ఇదీ కథ.

మొదటి సగం నిజమే. రెండో సగం శుద్ధ అబద్ధం. ఆ గుర్తు ఒకసారి అచ్చయ్యాక అరవై ఏళ్ళ పాటు అచ్చులో మళ్ళీ కనబడలేదు. జనం ‘సమానం’ అని మాటల్లోనే రాసుకున్నారు. ఆ తర్వాత కూడా కొందరు మహానుభావులు వేరే గుర్తు పెట్టుకున్నారు. నేను ఈ సంగతి చెప్పగానే పెద్దమనిషి ముఖం, రిలీజ్ అయ్యాక బగ్ దొరికినట్టు మారిపోతుంది. వెంటనే రెండో కథ ఎత్తుకుంటాడు. తెలియని సంఖ్యకు ఎక్స్ అని పేరెందుకు వచ్చిందంటే అచ్చాపీసులో వై, జెడ్ అక్షరాలు అయిపోయి ఎక్స్‌లే మిగిలాయట. దానికి రుజువు చూపించిన చరిత్రకారుణ్ణి నేనింతవరకు చూడలేదు. చూపిస్తే గుత్తివంకాయ వండిపెడతాను.

నా వాదన ఒకటే. గుర్తులను మేధావులు పుట్టించి ఉండవచ్చు. బతికించిందీ చంపిందీ మాత్రం ఎత్తిరాసినవాళ్ళు, అక్షరాలు పేర్చినవాళ్ళు, ‘ఇలా ఉంటే బాగుంటుంది’ అని చెయ్యి పెట్టినవాళ్ళు. అంటే నాలాంటివాళ్ళు. ఇందులో గొప్పేమీ లేదు. నేరం ఒప్పుకోవడం కొంత ఉంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఆ నేరం గురించే రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి మా ఆయన్ని అడగండి. అన్నీ నాకంటే ఆయనకే గుర్తు.

మూడు గంపలు

లాస్ కొలీనాస్ దగ్గర మా కంపెనీ. పెద్ద ప్రచురణ సంస్థలు గణితం రాతప్రతులు మాకు పంపేవి. మేం దిద్ది, పేజీలు కట్టి, ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు రచయిత సరిచూసుకునే పేజీలు, తిరిగి పంపేవాళ్ళం. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివి, ఇక్కడికొచ్చి నాలుగేళ్ళు ఇంట్లో అందరితో వాదించి, వాళ్ళు తట్టుకోలేని స్థితికి వచ్చాక నేను ఆ ఉద్యోగంలో చేరాను. యాభై ఆరేళ్ళకు, ఇంకా వాదించే ఓపిక ఉండగానే, బయటికొచ్చాను.

ఎడిటర్ చేసే మార్పులు మూడు గంపల్లో పడతాయి. తప్పయితే దిద్దుతాం. అనుమానమైతే పక్కన రచయితకు ప్రశ్న రాస్తాం. మూడోది ఇల్లు సర్దడం. కామాలు, ఖాళీలు, వాలు అక్షరాలు. వీటిని రచయితకు చూపించకుండా చేసేస్తాం. చూపిస్తే పేజీ అంతా ఎర్రబడి, మనిషికి కళ్ళు తిరుగుతాయి. ఈ ఉద్యోగంలో ప్రమాదమంతా మొదటి గంపలో ఉందని కొత్తవాళ్ళు అనుకుంటారు. కాదు. మూడో గంపలో ఉంది.

చేరిన మొదటి నెలలో ఒక రచయిత తెలియని సంఖ్యకు పుస్తకం పొడవునా క్యూ వాడాడు. నాకు ఒళ్ళు మండి అన్నీ ఎక్స్ చేశాను. మా బాస్ మార్జరీ టెక్సాస్‌లో పుట్టి పెరిగిన మనిషి. కోపం వస్తే గొంతు ఇంకా మెత్తబడుతుంది. నన్ను పిలిచి, “కామీ, బిడ్డ ఆయనది, పేరు ఆయనే పెట్టుకున్నాడు. నువ్వు బాప్టిజానికి వచ్చిన చుట్టానివి. కేక్ తిని వెళ్ళు,” అంది.

కామేశ్వరి అనే పేరును కామీగా కోసిన మనిషి పేర్ల మీద పాఠం చెప్పడమేమిటని అప్పుడు లోపల్లోపల తిట్టుకున్నాను. తర్వాత ఇరవై ఏళ్ళు ఆ పాఠాన్నే కొత్తవాళ్ళకి నా సొంతంలా చెప్పాను. ఇరవయ్యో ఏట నేనే మరిచిపోయాను.

ఇనెస్ పుస్తకం

ఇనెస్ ఒహాయోలో ఒక కాలేజీలో గణిత చరిత్ర చెబుతుంది. ఆరేళ్ళుగా అక్కడ ఉంది. టెన్యూర్, అంటే ఉద్యోగం శాశ్వతం కావడం, ఆ ఏడాదే తేలాలి. రాకపోతే ఏడాదిలో పెట్టే బేడా సర్దుకోవాలి. కమిటీ చూసేది ప్రధానంగా ఈ ఒక్క పుస్తకాన్నే. బైండు చేసిన పుస్తకం అందకపోయినా ఫర్వాలేదు, తుది ప్రూఫులు గడువు నాటికి, ఒక మంగళవారానికి, కమిటీ ఫైల్లో ఉండాలి. ఇదంతా మొదటి రోజునే మాకు ఉత్తరం రాసింది. నాకు తెలియదనడానికి లేదు.

పుస్తకం ఏమిటంటే, నాలుగొందల ఏళ్ళ కిందటి ఒక చిన్న ఆల్జీబ్రా గ్రంథానికి ఇంగ్లీషు అనువాదం, దాని మీద వ్యాఖ్య. రాసినాయన పెద్ద పేరున్నవాడు కాదు. ఫ్రాన్సులో అక్షరాలతో ఆల్జీబ్రా చేయడం మొదలుపెట్టిన ఒక లాయరుగారి దారిలో నడిచిన శిష్యుడు. ఆ లాయరు తెలియనివాటికి అచ్చులు, తెలిసినవాటికి హల్లులు పెట్టాడు. శిష్యుడూ అంతే. సమీకరణం సగం గుర్తులు, సగం మాటలు: “A క్యూబ్ ప్లస్ B ప్లేన్ ఇంటూ A, సమానం Z సాలిడ్.”

ప్లేన్ అంటే ఇక్కడ వైశాల్యం. సాలిడ్ అంటే ఘనపరిమాణం. B అన్నది పొడవు కాదు, వైశాల్యం అని ఆ మాట చెబుతుంది. వైశాల్యాన్ని A అనే పొడవుతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. మొదటిదీ ఘనమే, చివరిదీ ఘనమే. అన్నీ ఒక జాతివి కనుక కలపవచ్చు, పోల్చవచ్చు. వాళ్ళ నియమం అది. ఒక డబ్బానీ ఒక చాపనీ కలిపి తాడుతో సమానమంటే ఆ రోజుల్లో ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఆ తర్వాత అర్ధశతాబ్దం తిరక్కుండానే ఇంకో ఫ్రెంచాయన వచ్చి, పొడవును పొడవుతో గుణించినా పొడవే అనుకోవచ్చని చూపించాడు. దాంతో ఆ మాటలకు పని పోయింది. మనం బళ్ళో నేర్చుకున్నది ఆ తర్వాతి లోకం.

నేనూ ఆ తర్వాతి లోకంలోనే చదువుకున్నాను. సమీకరణం మధ్యలో పప్పులో రాళ్ళలా ఈ ప్లేన్లు, సాలిడ్లు పంటికి తగులుతుంటే చిరాకేసింది. మా కంపెనీ నియమాల పట్టిక అయిన స్టైల్ షీట్‌లో ‘విడిగా వేసే సమీకరణాల్లో మాటలు వద్దు’ అని రాసి ఉంది. రాసింది నేనే. కంప్యూటర్‌లో వెతికి మార్చే మీట నొక్కి, సమీకరణాల్లో ప్లేన్ తీసేశాను, సాలిడ్ తీసేశాను. ఐదారు నిమిషాల పని. రచయితకు ప్రశ్న రాయలేదు. కామాలతో పాటు మూడో గంపలో వేశాను. పేజీ ఇస్త్రీ చేసిన ఖద్దరు చొక్కాలా వచ్చింది. కాసేపు చూసుకుని మురిశాను కూడా.

“శుభ్రంగానే ఉంది”

గడువు మంగళవారానికి ఐదు రోజుల ముందు, గురువారం పొద్దున్న, మేం పంపిన ప్రూఫులు చూసిన ఇనెస్ ఫోన్‌లో ఉంది. ఇటు మార్జరీ, నేను, పేజీలు కట్టే శ్రావణి. శ్రావణిది కరీంనగర్. నాకంటే పదేళ్ళు చిన్న, పనిలో నాకంటే గట్టిది. చేరినరోజు నన్ను ఆంటీ అంది. నేను చూసిన చూపుకి సాయంత్రానికల్లా అక్క అయింది.

ఇనెస్ గొంతు పెంచలేదు. “ఐదో అధ్యాయం మొదటి సమీకరణం ఎవరైనా చదవండి,” అంది.

నేను చదివాను. “A క్యూబ్ ప్లస్ B ఇంటూ A సమానం Z.”

“దాని పైన ఉన్న వాక్యం కూడా చదవండి.”

చదివాను. ‘ప్లేన్, సాలిడ్ అనే మాటలను ఈ రచయిత ఎంత పట్టుదలగా ఉంచాడో కింది వరుసలో చూడవచ్చు’ అని ఉంది. పీఠికలో ఇంకో వాక్యం ఉంది. తర్వాతివాళ్ళు ఈ మాటలను అనవసరమని తీసేసి, పాతవాళ్ళు మనలాగే ఆలోచించారన్న భ్రమ కల్పించారనీ, ఈ రచయిత మాత్రం ఒక్కచోట కూడా వదల్లేదనీ, అనువాదంలో తానూ తీయలేదనీ. ఆ వాక్యాన్ని నేను దిద్దాను. అందులో ఒక కామా పెట్టాను.

మీరు నవ్వుకోండి. నేను ఇప్పుడు నవ్వుతున్నాను, అప్పుడు నవ్వలేదు.

మార్జరీ శ్రావణి వైపు తిరిగింది. “ఫైల్ కన్వర్ట్ చేసినప్పుడు పోయాయా?”

“చెక్ చేసి చెప్తా,” అంది శ్రావణి.

ఇక్కడ నేను కొంతసేపు ఊరుకున్నాను. ఎంతసేపని అడిగితే, ఒక మనిషి నీళ్ళ గ్లాసు ఎత్తి, తాగి, దించేంతసేపు. నేను చేసింది అదే. ఇన్నేళ్ళలో నేను చేసిన తప్పుల్లో ప్లేన్లు తీసేయడం కంటే ఆ నీళ్ళు తాగడమే పెద్దదని నా తీర్పు. దిద్దుకోవడానికి అది ఏ ప్రూఫులోనూ లేదు.

“అవి నేనే తీశాను,” అన్నాను.

“ఎందుకు?” అంది ఇనెస్.

“పేజీ శుభ్రంగా ఉంటుందని.”

ఆవిడ “శుభ్రంగానే ఉంది,” అంది.

తిట్టి ఉంటే తిరిగి వాదించేదాన్ని. అలవాటున్న పని.

ఫోన్ పెట్టేశాక కాఫీ దగ్గర శ్రావణి దొరికింది. “ఆ నీళ్ళు చల్లగున్నయా అక్కా?”

“చెప్పాను కదే చివరికి.”

“చెప్పినవ్. ఆలోపట నేను మనసుల సామాన్ సర్దుకున్న.”

నేను తప్పు ఒప్పుకుంటూనే పక్కన ఒక సమర్థన కూడా పెట్టుకునే మనిషిని. “మన ఊళ్ళలో రెండొందల గజాల ప్లాట్ అంటారు. చదరపు గజాలని ఎవరైనా అంటున్నారా? అందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తారు. నేనూ అంతే చేశాను,” అన్నాను.

“అందరికంటే ఎవలకు? కొనేటోనికి, అమ్మేటోనికి. నాలుగొందలేండ్ల తర్వాత ఆ కాయితం సదివెటోడు ఏమనుకుంటడు? వీళ్ళు ఇండ్లు కట్టలే, రెండొందల గజాల తాడు కొన్నరు అనుకుంటడు.”

ఆ కాలేజీలో ఆరేళ్ళుగా ఇనెస్ చెబుతున్నది ఇదేనని నాకు అప్పుడు అర్థమయింది. ఆవిడ రాతప్రతి అంతా దిద్దిన దాన్ని నేను. కాఫీ మెషిన్ దగ్గర అర్థమయింది.

భోజనాల బల్ల మీద

పాత ఫైల్ తెరిచి కాపీ చేస్తే సరిపోదా అని మీరు అడుగుతారు. మార్జరీ కూడా అడిగింది. సరిపోదు. ఇనెస్ మధ్యలో మూడు అధ్యాయాలు తిరగరాసింది. కొత్త ఉదాహరణలు ముక్కలు ముక్కలుగా మెయిల్‌లో పంపింది. వాటికీ నేను వచ్చినవి వచ్చినట్టు ఇస్త్రీ పెట్టాను. రెండొందలకు పైగా సమీకరణాలు. ఒక్కొక్కటీ చేత్తో సరిచేయాలి. సోమవారం మధ్యాహ్నానికి ప్రూఫులు వెళ్ళకపోతే కమిటీ ముందు ఇనెస్ పేరుతో ఇనెస్ వాదనకే ఎదురు తిరిగిన పుస్తకం ఉంటుంది. లేదా ఏమీ ఉండదు.

శనివారం పొద్దున్న శ్రావణి మా ఇంటికి లాప్‌టాప్‌తో వచ్చింది. నేను పిలవలేదు. “నువ్వొక్కదానివే చేస్తె మళ్ళ శుభ్రం చేస్తవ్,” అంది.

మా ఆయన ప్రసాద్ ఉప్మా తెచ్చి పెట్టి, కాగితాల వైపు చూశాడు. “ఏం పోయింది?”

“మాటలు. నేను తీసేశాను.”

“నువ్వు మాటలు తగ్గించావా? తేదీ వేసి గోడకి తగిలించాల్సిందే,” అని వెళ్ళిపోయాడు.

మొదట మేం పాత మెయిళ్ళు తీసి ఒక్కొక్కటీ పోల్చుకుంటూ పోయాం. గంటకి పది కూడా కాలేదు. అప్పుడు శ్రావణి ఆ పాతకాలపాయన నియమాన్నే పట్టుకుంది. ప్రతి పదం కింద పెన్సిల్‌తో ఒక అంకె వేసింది. పొడవైతే ఒకటి, ప్లేన్ అయితే రెండు, సాలిడ్, క్యూబ్ అయితే మూడు. గుణిస్తే అంకెలు కూడాలి. వరుసలో అన్ని పదాలకూ ఒకే మొత్తం రావాలి. రాకపోతే అక్కడ మాట పోయినట్టు. ఎక్కడ ఏ మాట పోయిందో కూడా చాలాచోట్ల లెక్కే చెప్పేస్తుంది. అలా పెట్టిన ప్రతి మాటనూ పాత మెయిల్‌లో ఒకసారి చూసుకుని ముందుకు కదిలాం.

నేను బల్ల మీద చెయ్యి ఆనించి అలా చూస్తుండిపోయాను. చెత్త అనుకుని ఊడ్చేసిన మాటలు ఆ పుస్తకానికి లోపలి కాపలా. తప్పు రాస్తే వరుస తనంతట తానే పట్టిస్తుంది. మన ఆల్జీబ్రాలో ఆ కాపలా లేదు. డబ్బానీ చాపనీ కలిపినా అడిగేవాడు లేడు. బదులుగా మనకు పరుగెత్తే స్వేచ్ఛ వచ్చింది, కాదనను. కానీ గుర్తులు కాలంతో పాటు ఎప్పుడూ మెరుగుపడుతూనే వచ్చాయని చెప్పేవాళ్ళతో ఆ శనివారం తర్వాత నేను ఏకీభవించడం మానేశాను. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకున్నారు. తీసుకున్నదేమిటో చూడకుండా ఇచ్చినదాన్నే పొగడడం పెళ్ళిలో మగపెళ్ళివారి పక్షం మాట్లాడటం లాంటిది.

ఒక్క వరుస

ఆదివారం మధ్యాహ్నం, ఆరో అధ్యాయంలో, ఒక వరుస కుదరలేదు. మూడు, మూడు, చివర ఒకటి. Z పక్కన సాలిడ్ లేదు. పాత మెయిల్ తీశాను. ఇనెస్ పంపినదాంట్లోనూ లేదు. అంటే ఇది నా పాపం కాదు. ఆ రెండ్రోజుల్లో నాకు దొరికిన మొదటి ఆనందం అది.

సాలిడ్ అని పెట్టడానికి వేలు మీట మీదికి పోయింది.

“అక్కా, మళ్ళ ఇస్త్రీ పెట్టె తీస్తున్నవా?” అంది శ్రావణి, తల ఎత్తకుండానే.

వేలు వెనక్కి తీసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా అందరికీ నేర్పిన పని అప్పుడు చేశాను. రచయితకు ప్రశ్న రాశాను: ఈ వరుసలో చివరి పదం మిగతావాటికి సరిపోలడం లేదు, చేర్చాలా, ఉంచాలా?

పావుగంటలో ఇనెస్ ఫోన్ చేసింది. తన దగ్గరున్న పాత పుస్తకం పేజీ ఫొటో తెరిచి చూసిందట. అక్కడా లేదు. నాలుగొందల ఏళ్ళ కిందటి అచ్చులోనే ఆ మాట లేదు. మిగతా అన్నిచోట్లా ఉంది, ఆ ఒక్కచోటే లేదు.

“నేనెలా చూడలేదు?” అంది. తనను తనే అడుగుతోంది. “ఆరేళ్ళు ఈ పుస్తకంతో ఉన్నాను.”

చిక్కు ఎక్కడుందో మీకీపాటికి తెలిసే ఉంటుంది. రచయిత ఒక్కసారి కూడా ఆ మాట వదల్లేదన్నదే ఆవిడ వాదన. అచ్చుతప్పని చెప్పి బ్రాకెట్లో సాలిడ్ చేర్చేస్తే వాదన నిలుస్తుంది, ఎవరూ అడగరు. ఉన్నది ఉన్నట్టు ఉంచితే, కమిటీలో ఒకాయన ఉన్నాడట, సరిగ్గా అక్కడే పట్టుకుంటాడట.

“మీరైతే ఏం చేస్తారు?” అని నన్ను అడిగింది.

“నన్ను అడక్కండి. నేనేం చేస్తానో గురువారం చూశారుగా,” అన్నాను.

మొదటిసారి నవ్వింది. తర్వాత ఫోన్‌లో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది. ప్రసాద్ వంటింట్లోంచి తొంగిచూశాడు, నా వాదన వినబడడం లేదని భయపడి.

“ఉంచండి,” అంది చివరికి. “పీఠికలో ‘ఒక్కచోట కూడా వదల్లేదు’ అన్నదాన్ని ‘ఒక్కచోట తప్ప ఎక్కడా వదల్లేదు’ అని మార్చండి. కింద ఒక ఫుట్‌నోట్ రాసి పంపుతాను. మూలంలో ఈ మాట లేదు, ఎందుకు లేదో నాకు తెలియదు. అంతే.”

సోమవారం పదకొండింటికి ప్రూఫులు వెళ్ళాయి. మార్జరీ వాటిని తిరగేసి, నా వైపు చూసి, స్టైల్ షీట్‌లో నేను రాసిన ఆ నియమం మీద గీత కొట్టింది. ఆవిడ దగ్గర పనిచేసిన అన్నేళ్ళలో నాకు అందిన అతి పొడవైన మందలింపు అదే.

ఇది చదివే పిల్లలకు ఒక్క సలహా. మీ చేతిలోని పేజీలో ఏదైనా మరీ అనవసరంగా కనబడుతుంటే, అది పెట్టినవాడికి బుద్ధి లేదనుకునే ముందు, ఆయన దేని గురించి భయపడుతున్నాడో అడగండి. ఆ తర్వాత కూడా ఆయనకి బుద్ధి లేదనే మీకు అనిపిస్తే, ప్రశ్న రాయండి. రచయితతో వాదించండి, నాకేం అభ్యంతరం లేదు. చెప్పకుండా మాత్రం చేయకండి.

వసంతంలో ఇనెస్ ఫోన్ చేసింది. టెన్యూర్ వచ్చింది. కమిటీలోని ఆ పెద్దమనిషి ఫుట్‌నోట్ దగ్గరే పట్టుకున్నాడట. అది అచ్చుతప్పేనని ఆయన, కాదని పక్కనున్నాయన, ముప్పావుగంట కొట్టుకున్నారట.

“మరి నువ్వేమన్నావు?” అన్నాను. అప్పటికి గారులు, మీరులు పోయాయి.

“ఏమనడానికీ టైం మిగల్లేదు. వాళ్ళు వాదించుకుంటుంటే ఇంటర్వ్యూ అయిపోయింది.”

ఆ పాత పేజీ ఫొటో ఇనెస్ నాకూ పంపింది. రిటైరయ్యాక అప్పుడప్పుడు తీసి పెద్దది చేసి చూస్తుంటాను. Z తర్వాత వరుస చివర ఖాళీ ఉంది. స్కేలు పెట్టి కొలిచాను, ఆ మాట హాయిగా పట్టేది. చోటు చాలక తీసింది కాదు. పక్క వరుసల్లో అక్షరాలు నలగలేదు, కదల్లేదు. అచ్చులో రాలిపోయిందని కూడా నాకు నమ్మకం కుదరడం లేదు. మరి దాన్ని వదిలేసింది రాసినాయనా, అక్షరాలు పేర్చినవాడా? ఎవరైతేనేం, ఆ చెయ్యి మరిచిపోయి వదిలిందా, లేక అందరికంటే ముందు, ఈ మాట లేకపోయినా లోకం కూలిపోదని తెలిసే వదిలిందా?